కాకినాడ యువరాజు అలక

పోయిన నెల ఒక శనివారం పొద్దున్నే రాణిగారు ఫోన్ చేశారు. ఆయన పోయారని చెప్పారు. ఆ వెంటనే, "ఆయనకి సూటు వేయమంటావా, మఖమలు కోటు వేయమంటావా? చర్చివాళ్ళు ఏమనుకుంటారో తెలీడం లేదు" అని అడిగారు.

"కోటే వేయండి. అనుకునేవాళ్ళ సంగతి నేను చూసుకుంటాను" అన్నాను.

ఆ కోటు ఆయన ఒంటి మీదికి రావడంలో నా చెయ్యి కూడా ఉంది. అందుకని ఆయన గురించి నాలుగు మాటలు రాయవలసిన పూచీ నాదే.

రాణిగారంటే నిజం రాణిగారే. కాకపోతే ఏడాదికి పద్నాలుగు రోజులు. డల్లస్‌కి గంట దూరంలో, ముళ్ళపొదలు తప్ప ఏమీ లేని చోట, ఏటా అక్టోబర్‌లో ఒక సంత మొదలయ్యేది. ఏడు వారాలు, శని ఆదివారాలు. చెక్కతో కట్టిన కోట, గుర్రాల మీద బల్లేల పోటీ, అరటిపండంత లావు జడలేసుకున్న మగవాళ్ళు, టర్కీ కోడికాలు చేత్తో పట్టుకుని పీక్కుతింటూ తిరిగే జనం. నాలుగైదు వందల ఏళ్ళ కిందటి కాలం అని వాళ్ళ ఉద్దేశం. మేం తెలుగువాళ్ళం దాన్ని రాణిగారి తిరనాళ్ళు అనేవాళ్ళం. ఆ కోటలో రాణి వేషం ఆవిడది, మిగతా రోజుల్లో బడిలో లైబ్రేరియన్. ఎర్రజుట్టు అమెరికా ఆవిడ, ఆరడుగుల విగ్రహం. కోట మెట్ల మీద నిలబడి "నా ప్రజలారా" అని ఒక్క కేక పెడితే పార్కింగ్ లాట్‌లో రివర్స్ చేస్తున్నవాళ్ళు కూడా బ్రేక్ వేసేవారు.

ఆయన ఆవిడ మొగుడు. కాకినాడ మిషన్ కాంపౌండ్‌లో పుట్టిన బాప్టిస్టు పిల్లాడు. ఐదడుగుల మూడంగుళాలు. చమురు కంపెనీలో పైపుల డిజైన్ ఇంజనీరు. ఆవిడ పక్కన నిలబడితే స్తంభానికి ఆనించిన గొడుగులా ఉండేవారు.

డెబ్భైల చివర్లో, ఆవిడకి పట్టాభిషేకం అయిన మొదటి ఏడు, ఆయన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి కోటలోకి వెళ్ళి దొరికిపోయారు. రాణికి భర్త వేషగాణ్ణి వెతుకుతున్నారు వాళ్ళు. "ఉన్న మొగుడుండగా ఇంకొకణ్ణి అరువు తెచ్చుకోవడం ఎందుకు?" అన్నారట ఆవిడ. అంతే, డబ్బా పక్కన పెట్టించి కోటు తొడిగేశారు. దండోరా వేసే మనిషి పుస్తకం తీసి, "ఏ దేశపు యువరాజు?" అని అడిగాడు. ఆయన నిజం చెప్పే మనిషి. "కాకినాడ" అన్నారు. "ఎక్కడుంది? ఏం ప్రసిద్ధి?" అన్నాడు వాడు. ఆయన తడుముకుంటున్నారు. ఆ పక్కనే మొక్కజొన్న కంకి తింటున్నవాణ్ణి నేను. చూస్తూ ఊరుకోలేకపోయాను.

కాకినాడ బంగాళాఖాతం ఒడ్డున ఉన్న సామ్రాజ్యమనీ, మిరియాలు ఎగుమతి చేస్తుందనీ, నలభై ఏనుగుల సైన్యం ఉందనీ, అక్కడి రాజకిరీటం బరువు మోయలేక దాన్ని దూలానికి గొలుసుతో వేలాడదీసి రాజు దాని కింద కూర్చుంటాడనీ చెప్పాను. వాడు అంతా రాసుకున్నాడు. మర్నాటి నుంచి ఉదయం పదకొండుకీ, మధ్యాహ్నం మూడుకీ ఆ చరిత్ర గట్టిగా చదివేవాడు. మూడో ఏడు వచ్చేసరికి ఏనుగులు నాలుగు వందలయ్యాయి. ఆ పెంపకం మాత్రం నాది కాదు.

రాణి భర్తకి నియమాలు చాలా ఉన్నాయి. ఆవిడకి రెండడుగులు వెనక నడవాలి. ఆవిడ ముందు కూర్చోకూడదు. ఆవిడ ముద్ద ఎత్తేదాకా ముట్టకూడదు. ఆవిడ పలకరిస్తే తప్ప మాట్లాడకూడదు. ఇవన్నీ వేషంలో ఉన్నంతసేపే. ఆయన మాత్రం ఏడాది పొడుగునా పాటించేవారు. సూపర్‌మార్కెట్‌లో కూడా ఆవిడ కార్ట్ తోసుకుంటూ ముందు వెళ్తుంటే, చేతులు వెనక్కి కట్టుకుని, రాబోయే బస్సు రాక మానదని తెలిసినవాడిలా తీరిగ్గా వెనక నడిచేవారు.

"అన్నయ్యగారిని చూసి నేర్చుకోండి" అనేది మా ఆవిడ సుగుణ.

"ఆయనకి కోటిచ్చారు. నాకేమిచ్చావు?" అనేవాణ్ణి.

సంతలో ఆయన జనాన్ని పలకరించే తీరొకటుంది. ఎవరు ఎదురైనా కొద్దిగా ముందుకి వంగి, "ఎంత దూరం నుంచి వచ్చారు?" అని అడిగేవారు. వాళ్ళు ఏ ఊరు చెప్పినా కనుబొమలు పైకెత్తి "అంత దూరమా!" అనేవారు. ఒకసారి ఒక ముసలాయన, "ఇదిగో, ఈ రోడ్డు అవతల ఇల్లే నాది" అన్నాడు. "అంత దూరమా!" అన్నారీయన. ఆ ముసలాయన ఛాతీ పొంగిపోయింది. ఆ తర్వాత ప్రతి ఏడూ మొదటి రోజే వచ్చేవాడు.

నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం మా తెలుగు ప్రార్థన కూటం ఏదో ఒక ఇంట్లో జరిగేది. పదకొండు కుటుంబాలు. మాలో పెద్ద, కొడుకు దగ్గర ఉంటున్న రిటైర్డు హెడ్మాస్టరు ఒకాయన. ఆయనకి ఈ వేషం గిట్టేది కాదు. ముఖ్యంగా తొడలదాకా బిగుతుగా ఉండే ఆ మేజోళ్ళు.

"ఏమయ్యా, ఆడాళ్ళ మేజోళ్ళేసుకుని ఆడమనిషి ఎనకాల నడుత్తావా? దావీదు మహారాజు అలా నడిచాడంటయ్యా?"

"దావీదు గారు టెక్సస్ ఎండలో మఖమలు కోటు వేసుకోలేదు మాష్టారూ. వేసుకునుంటే కాళ్ళకైనా గాలాడాలని ఆయనకే తెలిసేది" అనేవారీయన.

మాష్టారు కళ్ళజోడు సర్దుకుని బైబిలు తెరిచేసేవారు. ఇది నెలకోసారి, ఎనిమిదేళ్ళు జరిగింది.

ఎనభైల నడుమ చమురు ధర పడిపోయింది. డల్లస్‌లో, హ్యూస్టన్‌లో కంపెనీలు అంతస్తులకి అంతస్తులు ఖాళీ చేశాయి. మా పదకొండు ఇళ్ళలో నలుగురికి ఒకే నెలలో ఉద్యోగాలు పోయాయి. వాళ్ళలో ఈయనొకరు. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే షర్ట్ ఇస్త్రీ చేసుకుని, టై కట్టుకుని, కారేసుకుని పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళి కూర్చునేవారట. చివరికి ఒకరోజు రెజ్యూమేల కట్ట పట్టుకుని మా ఇంటికొచ్చారు.

"పైపు ఎక్కడ వంగుద్దో, ఎక్కడ పగులుద్దో పదిహేనేళ్ళు లెక్కగట్టాను బ్రదర్. ఆ లెక్క ఇంకెవరికీ అక్కర్లేదంట" అన్నారు. సుగుణ కాఫీ ఇచ్చింది. ఆయన కప్పు పట్టుకుని చాలాసేపు తాగలేదు. "సోమారం నించి శుక్రారం దాకా నేనెవడికీ అక్కర్లేదు. అక్టోబరొస్తే మాత్రం శని ఆదివారాలు ఒక రాజ్యానికి కావాలి. అదొక్కటుంటే చాల్లే, ఎలాగో లాక్కొచ్చేస్తాను."

ఆ ఒక్కటీ ఆగస్టులో పోయింది. సంతకి కొత్త మేనేజర్ వచ్చాడు. అంతకుముందు స్కేటింగ్ రింక్ నడిపినవాడు. ఈయన్ని పిలిచి, "జనం నమ్మాలి కదా. రాణి వెనకాల మీలాంటి మనిషి అంటే ఎవరు నమ్ముతారు? నటన నేర్చుకున్న కుర్రాణ్ణి తీసుకున్నాను, ఆరడుగుల రెండంగుళాలు. మీకు మిరియాలూ లవంగాలూ అమ్మే కొట్టు ఇస్తాను, మీకు బాగా నప్పుతుంది" అన్నాడు.

రాణిగారు కిరీటం అక్కడే విసిరేసి వచ్చేస్తానన్నారు. ఈయన ఒప్పుకోలేదు. తన కోసం వాడితో పోట్లాడనని ఒట్టు వేయమని పట్టుబట్టి వేయించుకున్నారు. "మొగుడి కోసం గెంటించుకుని వచ్చిందంటారు. నా వల్ల నీ రాజ్యం పోకూడదు" అన్నారట. ఆ మాట నాతో చెబుతూ ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. "ఒట్టు వేశాను. నేను నోరెత్తలేను. నువ్వేమైనా చెయ్యి. కాకినాడ నువ్వు కట్టిందే కదా."

రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు ఆయన ఇంటికెళ్ళి, "అన్నా, మీ పెళ్ళిలో అలకపాన్పు జరిగిందా?" అని అడిగాను.

"కోర్టులో పది నిమిషాల పెళ్ళి. అలగడానికి టైమెక్కడిదోయ్?"

"అయితే ఇప్పుడు అలగండి."

మా వైపు చర్చిలో ప్రమాణాలు చేసి ఉంగరాలు మార్చుకున్నాక కూడా ఇంటికొచ్చి ఈ వేడుక చేసేవాళ్ళు. పెళ్ళికొడుకు మంచమెక్కి మూతి ముడుచుకుని పడుకుంటాడు. పెళ్ళికూతురి వైపువాళ్ళు వచ్చి బతిమాలి, ఏం కావాలో అడిగి, ఇస్తామని చెయ్యి పట్టుకుని లేపేదాకా లేవడు. వాచీ కోసం అలిగినవాళ్ళూ, స్కూటర్ కోసం అలిగినవాళ్ళూ నాకు తెలుసు. మా పెదబావ రేడియో కోసం అలిగి నిజంగా నిద్రపోయాడు.

సంత మొదలైన రెండో శనివారం మా పదకొండు కుటుంబాలూ నాలుగు స్టేషన్ వ్యాగన్లలో బయల్దేరాం. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టారు. నా కారు మీద మా ఇంటి మడతమంచం కట్టాను. మాష్టారు కూడా వచ్చారు. "నేను సాచ్చిగా మాత్తరమే వత్తన్నాను" అన్నారు.

కోట మెట్లకి ఎదురుగా మంచం వేశాం. సుగుణ దాని మీద తన పెళ్ళినాటి జరీ దుప్పటి పరిచి, రెండు దిళ్ళు పెట్టింది. ఆయన తన పాత కోటు తొడుక్కుని వచ్చి, కోట గోడవైపు తిరిగి పడుకున్నారు. దండోరా మనిషి మా పక్షమే. నేను రాసిచ్చిన కాగితం విప్పి గొంతెత్తి చదివాడు: "కాకినాడ ప్రాచీన ధర్మం ప్రకారం, అత్తవారి వల్ల అవమానం పొందిన యువరాజు మంచమెక్కును. వారు వచ్చి కోరిక అడిగి, చేయి పట్టి లేపువరకు తినడు, లేవడు, నవ్వడు!"

ముందు పాతికమంది చేరారు. తర్వాత రెండొందలు. పిల్లలు టర్కీ కాళ్ళు తెచ్చి ముక్కు దగ్గర పెట్టారు. ఆయన మొహం తిప్పుకున్నారు. ఓక్లహోమా నుంచి వచ్చిన ఒకావిడ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తన మొదటి మొగుడు ఇలాగే గోడవైపు తిరిగి పడుకునేవాడని, అప్పుడు తను అడిగుంటే బాగుండేదని ఏడ్చింది. ఈయన నవ్వకూడదు, ఏడవనూ కూడదు. భుజాలు మాత్రం ఒకసారి కదిలాయి.

మేనేజర్ వాకీటాకీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఈ మంచం ఎవరిది? ఎవరు పర్మిషన్ ఇచ్చారు?"

"ఇది రెండు దేశాల మధ్య వ్యవహారమండీ" అన్నాను.

"ఎత్తేయండి!"

జనం గొల్లుమన్నారు. వెనకనుంచి ఎవరో కొరికిన కంకి విసిరారు. వాడు తగ్గాడు. "సరే, పడుకోనీండి. ఆకలేస్తే వాడే లేస్తాడు" అని వెళ్ళిపోయాడు.

గంటయింది. గంటన్నరయింది. పొద్దుటి బల్లేల పోటీ దగ్గర ఒక్క ప్రేక్షకుడు లేడు, గుర్రాలు కూడా ఇటే చూస్తున్నాయని వార్త వచ్చింది. మంచం మీంచి సన్నగా తెలుగు వినిపించింది.

"బ్రదర్, నడుం పట్టేసిందోయ్."

"అలిగినవాళ్ళు మాట్లాడకూడదన్నా."

"మాట్లాడకపోతే కొంప మునగదు గానీ, చెల్లెమ్మ దగ్గర తినడానికేమన్నా ఉందేమో అడుగు."

సుగుణ దిండు సర్దుతున్నట్టు వంగి ఒక జంతిక దుప్పట్లోకి తోసింది. అది కరకరమన్న చప్పుడు దండోరా మనిషి దాకా వినిపించింది. నేను ఆపకుండా దగ్గాను. ఎవరో నాకు మంచినీళ్ళిచ్చారు.

అప్పుడు ఊరేగింపు వచ్చింది. ముందు రాణిగారు, వెనక ఆ ఆరడుగుల కుర్రాడు. జనం తలలు వంచి దారిచ్చారు. మంచం మీద మనిషి కదల్లేదు. ఎనిమిదేళ్ళలో ఆవిడ వస్తుంటే ఆయన లేవకపోవడం అదే మొదలు. ఆవిడ ఆగారు. కొత్త కుర్రాడు ఆగలేక ఆవిడ గౌను అంచు తొక్కాడు.

"నా ప్రభువుకి ఏమైంది?" అన్నారు ఆవిడ.

దండోరా మనిషి కాకినాడ ధర్మం మళ్ళీ చదివాడు. ఆవిడ చివరిదాకా విని, "ఈ హక్కు భర్తకేనా? భార్యకి కూడా ఉందా?" అని అడిగారు.

వాడు నా మొహం చూశాడు. నేను రాసిన ధర్మంలో అలాంటి మాట లేదు. మా వాళ్ళలో పెళ్ళికూతురు అలకపాన్పు ఎక్కడం నేను పుట్టాక చూడలేదు. నోరు తెరిచేలోపల సుగుణ ఒక్క అరుపు అరిచింది.

"ఉంది వదినా! ఎందుకు లేదూ? రాసుకోవయ్యా, ఉంది!"

తెలుగు రాకపోయినా దండోరా మనిషి రాసుకున్నాడు. రాణిగారు కిరీటం తీసి కుర్రాడి చేతిలో పెట్టారు. గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని మంచం దగ్గరికొచ్చి, ఆవిడకి వచ్చిన పది తెలుగు మాటల్లో ఒకటి అన్నారు.

"జరుగు."

ఆయన జరిగారు. ఆవిడ రెండో వైపు తిరిగి పడుకున్నారు. మా మడతమంచం ఒక మూలుగు మూలిగింది గానీ నిలబడింది. ఒట్టు ఒట్టుగానే ఉంది. ఆవిడ ఎవరితోనూ పోట్లాడలేదు, ఒక్క మాట అనలేదు. అలిగారంతే.

రాజ్యం ఆగిపోయింది. పిల్లలకి వీరుల బిరుదులిచ్చేవాళ్ళు లేరు. కొలువు లేదు. అన్నిటికీ రాణి కావాలి, రాణి మంచం మీద ఉంది. ఇరవై నిమిషాలకి మేనేజర్ వచ్చాడు. ఈసారి వాకీటాకీ లేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"సరే, ఏం కావాలి మీకు?"

ఆయన లేచి కూర్చున్నారు. మావాళ్ళలో ఆడంగులు మొదలెట్టారు. "వాచీ అడగండన్నయ్యా!" "స్కూటరు!" "కారే అడగండి, ఇది అమెరికా!" ఆయన నావైపు వంగి, "నిజంగా అడిగాడోయ్" అన్నారు మెల్లిగా. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, మేనేజర్‌తో ఇంగ్లీషులో అన్నారు.

"నాకు నా పని కావాలి."

"దానికి జీతం లేదని తెలుసుగా?"

"తెలుసు. అదే కావాలి."

అదే నెలలో ఉద్యోగాలు పోయిన మిగతా ముగ్గురూ చెట్ల వైపు చూస్తున్నారు. మేనేజర్ చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. టోపీ నెత్తిన పెట్టుకుని చెయ్యి చాచాడు. ఆయన ఆ చెయ్యి పట్టుకుని లేచారు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది ఆ ఆరడుగుల కుర్రాడే. వాడికి ఆ కోటులో ఊపిరాడక చచ్చిపోతున్నాడట.

ఆవిడ మాత్రం లేవలేదు. "నన్నెవరూ అడగలేదు" అన్నారు అటే తిరిగి.

మేనేజర్ చెయ్యి మళ్ళీ చాచబోయాడు. ఈయన వాణ్ణి మెల్లిగా పక్కకి జరిపి, తనే వంగి, "మహారాణికి ఏం కావాలి?" అని అడిగారు. ఆవిడ ఆయన చెవి పట్టుకుని దగ్గరికి లాగి ఏదో చెప్పారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ జోళ్ళ దారాలు విప్పడం మొదలుపెట్టారు. బొటనవేలి దగ్గర మేజోడు రక్తంతో తడిసుంది. కొత్త జోళ్ళు పొద్దుట్నుంచీ కరుస్తున్నాయి, రాణి కనక చెప్పుకోలేకపోయారు. ఆ సంగతి దగ్గరున్న మాకు కనిపించింది. వెనకాల ఉన్నవాళ్ళకి కనిపించలేదు. అదొక మహా రాజలాంఛనం అనుకుని అయిదొందల మంది నిశ్శబ్దంగా టోపీలు తీశారు. మా మాష్టారు కూడా మంకీ క్యాప్ తీసేశారు.

మేనేజర్ నా పక్కకి వచ్చి గుసగుసగా, "ఇది కూడా ఆ ధర్మంలో ఉందా?" అని అడిగాడు.

"ముఖ్యమైనదే ఇది" అన్నాను.

పై శనివారం గేటు దగ్గర పంచిన అచ్చుకాగితంలో, పదకొండు గంటల ఊరేగింపుకీ మూడు గంటల బల్లేల పోటీకీ నడుమ కొత్త వరస ఒకటి చేరింది. రెండు గంటలకు: మహారాణివారి పాదరక్షలు విప్పుట, కాకినాడ యువరాజువారిచే.